డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవిత చరిత్రము

కర్నూలు, కడప మండలముల ప్రజలకు రాతితోడను ఖనిజముతోడను పరిచయము పుట్టుకతో వచ్చునట్టిది. మంగంపేట ముగ్గురాయి, బేతంచెర్ల నాపరాయి, యెర్రగుంట్ల ప్రాంతపు సున్నపురాయి దూరదేశములకు సైతము పోవుచున్నవి. ఏ పొలమున ఏ రాయి కలదో, ఎంత లోతున కలదో చెప్పగలవారు ఈ సీమలో పెక్కుమంది కలరు. అయితే మానవదేహమను చిన్న క్షేత్రమునందు కూడ ఇనుము, రాగి, తుత్తునాగము, మెగ్నీషియము, కోబాల్టు మొదలగు లోహములు కలవనియు, ఒక్కొక్కదానికి ఇంత యని మితము కలదనియు, ఆ మితము తప్పినచో దేహము నిలువదనియు ఎరిగినవారు తక్కువ. దేహములోని అతిసూక్ష్మమైన కణములు ఈ ధాతువులను ఏ విధముగా గ్రహించి, దాచి, ఖర్చు చేయుచున్నవో పరిశోధించు శాస్త్రమునకు జీవరసాయన శాస్త్రమని పేరు. ఆ శాస్త్రమున జగద్విఖ్యాతి గాంచవలసిన తెలుగువా డొకడు తన పేరు తన దేశమువారికే సరిగా తెలియకుండ గతించెను. ఆ మహనీయుడే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

జననము - బాల్యము

సుబ్బారావుగారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఇంట బిడ్డలు పెక్కుమంది, రాబడి స్వల్పము. సర్కారు లెక్కలు వ్రాయువారి యింట సొంత లెక్క సరిపోకుండుట ఆనాటినుండి కలదు.

బాల్యమున సుబ్బారావుగారికి చదువుపై శ్రద్ధ కుదురలేదు. పదమూడేండ్ల ప్రాయమున కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుడు కావలెనను తలంపుతో ఇల్లు విడిచిపోయిరనియు, పెద్దలు వెదకి పట్టి తెచ్చిరనియు చెప్పుదురు. తండ్రి గతించిన పిమ్మట కుటుంబభారము తల్లిపై పడెను. ఆ యిల్లాలు తన నగలు అమ్మి కుమారుని చదివించెను. రాజమహేంద్రవరమున చదివినను మెట్రిక్యులేషను పరీక్ష గట్టెక్కలేదు. తుదకు చెన్నపట్టణమునందలి హిందూ హైస్కూలులో చేరి మూడవ పర్యాయమున ఉత్తీర్ణులైరి. రెండుమారులు తప్పిన బాలుడు ముందుకు ఏమి కాగలడో ఆనాడు ఎవరును ఊహించి యుండరు. పరీక్షలో తప్పినంతమాత్రమున బిడ్డల నిరసించు తలిదండ్రులు ఈ వృత్తాంతమును మనస్సున నుంచుకొనుట మంచిది.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా వారి మనస్సు వైరాగ్యమువైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరి సన్యసింపగోరిరి. తల్లి అందుల కంగీకరింపలేదు. రోగులకు సేవ చేయుటయు భగవంతుని సేవయే గాన వైద్యము నేర్చుకొమ్మని మఠములోని పెద్దలు హితవు పలికిరి. ఆ మాట శిరసావహించి వారు మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. 1919 వ సంవత్సరమున కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని వివాహమాడిరి. మామగారు అల్లుని వైద్యవిద్యకు ధనసహాయము చేసిరి.

ఖద్దరు వస్త్రము - రెండు మరణములు

అది గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు విదేశవస్త్రమును విడిచి, శస్త్రచికిత్సాలయమునకు సైతము ఖద్దరు అంగీతోనే పోవుచుండిరి. శస్త్రశాస్త్రము బోధించు ఆంగ్లేయ ఆచార్యునకు అది కంటగింపాయెను. దాని ఫలితముగా, వ్రాతపరీక్షలలో బాగుగా నెగ్గినను వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. చిన్న పట్టముతో సర్కారు వైద్యశాఖలో ప్రవేశము దొరకలేదు. ఒక గజము ముతకబట్ట వారి జీవితగమనమునే మార్చివేసెను.

ఇంతలో అంతకంటె ఘోరమైన యాపద వచ్చిపడెను. వారి అన్నగారు పురుషోత్తముగారును, తమ్ముడు కృష్ణమూర్తిగారును కొద్ది దినముల వ్యవధిలోనే ఒకే వ్యాధికి బలియైరి. ఆ వ్యాధిని ఆంగ్లవైద్యులు ఉష్ణదేశపు స్ప్రూ యందురు. ఆయుర్వేదమున గ్రహణి యని చెప్పబడు రోగముతో దీనికి పోలిక కలదు. ఈ రోగమున తిన్న ఆహారము వంటబట్టదు. నోరు, నాలుక పూసిపోవును. విడువని విరేచనములతో దేహము శుష్కించును. రక్తము పలుచబడి పాండువర్ణము కమ్మును. ఎదుట అన్నము పెట్టుకొని యుండియు మనుష్యుడు ఆకలిచావు చచ్చును. అన్నదమ్ము లిరువురు తన కన్నులయెదుటనే క్షీణించుచుండగా, వైద్యవిద్య నేర్చిన సుబ్బారావుగారు చేయగలిగినది ఏమియు లేకపోయెను. ఆనాటి వైద్యగ్రంథములలో ఆ రోగమునకు మందు లేదు.

ఆ వ్యాధియే సుబ్బారావుగారిని కూడ పట్టుకొనెను. ప్రసిద్ధ ఆయుర్వేద పండితులగు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన వారు బ్రతికి బయటపడిరి. తరువాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రమును బోధించు ఉపాధ్యాయులుగా కుదిరిరి. మూలికలలో గుణము కలదని వారు తమ దేహముననే అనుభవించిరి. ఆ గుణము ఏ పదార్థమునం దున్నదో, అది దేహములో ఏమి చేయుచున్నదో మాత్రము ఎవ్వరును చెప్పజాలకుండిరి. ఆ ప్రశ్నయే వారిని సముద్రము దాటించెను.

అమెరికా ప్రయాణము

విదేశములకు పోవుటకు కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ కొంత సహాయము వాగ్దానము చేసెను. మామగారు మరికొంత సమకూర్చిరి. 1920 తరువాతి తొలి సంవత్సరములలో సుబ్బారావుగారు బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశ వైద్యశాఖ విద్యార్థి యైరి. బయలుదేరునాటికి వారి భార్య గర్భవతి. మూడేండ్లలో తిరిగి వత్తునని మాట యిచ్చి పోయిరి.

చేతనున్న ధనము త్వరలోనే కరిగిపోయెను. వారు అక్కడి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ వైద్యశాలలో రాత్రివేళ కూలిపనికి కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచుచు, పగటివేళ చదువుకొనుచుండిరి. ఎల్.ఎం.ఎస్. పట్టము పొందిన వైద్యుడు, కళాశాలలో పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు, అట్టి పనికి సిగ్గుపడలేదు. ఏ పని చేసినను చదువు ఆగకుండుటయే వారికి ప్రధానము. 1924 లో డిప్లమా పొంది, అనంతరము సైరస్ ఫిస్కే యను ఆచార్యునికడ జీవరసాయన శాస్త్రమున పరిశోధకులుగా చేరిరి.

నీలివర్ణము చెప్పిన రహస్యము

ఎముకలయందును, రక్తమునందును, కండలయందును భాస్వరము కలదు. దేహములో భాస్వరము ఎంత యున్నదో కొలుచుటకు మెరుగైన ఉపాయము ఆనాడు కావలసి యుండెను. ఫిస్కేగారును సుబ్బారావుగారును కలిసి 1925 లో ఒక నూతనపద్ధతిని ప్రకటించిరి. మాలిబ్డినము అను లోహము కలది యొక ద్రావకమును రక్తమునుండి తీసిన ద్రవములో కలిపినచో, ఆ లోహము భాస్వరముతో కూడుకొనును. దానికి మరియొక రసాయనము చేర్చినంతనే నీలివర్ణము పుట్టును. భాస్వరము ఎంత ఎక్కువయో నీలిరంగు అంత చిక్కన. రంగు చూచి లెక్క చెప్పవచ్చును. పాల చిక్కదనము చూచి నీరెంత కలిసెనో చెప్పు గృహిణికి ఈ యుక్తి సుబోధమే. ఫిస్కే - సుబ్బారావు పద్ధతి యను పేర ఇది లోకమంతట వ్యాపించెను. రసాయనశాలలలో తరతరముల విద్యార్థులు దీనిని అభ్యసించిరి.

కొలమానము చేతికి వచ్చినపిమ్మట కొలువవలసిన దేదియో వెదకుట సులభమాయెను. కండ పనిచేయుటకు శక్తి ఎక్కడినుండి వచ్చుచున్నదను ప్రశ్న ఆ కాలమున శాస్త్రజ్ఞులను వేధించుచుండెను. దేహములోని పిండిపదార్థము లాక్టికామ్లముగా మారుటయే కండ కదలికకు కారణమని ఆనాటి సిద్ధాంతము. కండలను గూర్చిన పరిశోధనకై 1922 వ సంవత్సరపు నోబెలు బహుమానము హిల్, మేయర్‌హాఫ్ అను ఇరువురు పండితులకు లభించి యుండెను. ఇట్టి తరుణమున 1927 లో ఫిస్కే, సుబ్బారావుగార్లు కండలలో ఫాస్ఫోక్రియాటిన్ అను భాస్వరసమ్మేళనమును కనుగొనిరి. కండ శ్రమించినప్పుడు అది తరుగుననియు, విశ్రమించినప్పుడు మరల చేరుననియు తేలెను. తరువాత డెన్మార్కు శాస్త్రజ్ఞుడగు లుండ్స్‌గార్డ్ పరీక్షలతో పాత సిద్ధాంతము కూలిపోయెను.

1929 లో వారు అంతకంటె ముఖ్యమగు పదార్థమును కండనుండి వేరుచేసిరి. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. సంక్షేపముగా ఏ.టి.పి. యందురు. అదే సంవత్సరమున జర్మనీ దేశమున లోమన్ అను పండితుడును దీనిని కనుగొనెను. గింజ మొలకెత్తుట, గుండె కొట్టుకొనుట, మెదడు ఆలోచించుట, చీమ పాకుట, వీటన్నిటికిని శక్తి నందించునది యీ పదార్థమే యని క్రమముగా తెలిసెను. ఇది దేహములోని చెల్లుబడి నాణెమువంటిది. తిన్న జొన్నరొట్టె యైనను, రాగిసంగటి యైనను తుదకు ఈ నాణెముగా మారిననే కణములు దానిని ఖర్చు చేయగలవు. ఏ క్షణమునం దైనను దేహములో ఇది కొద్దిమాత్రముగానే యుండును. కాని అదియే తరిగి పెరిగి, మరల మరల చెలామణి యగుచు, ఒక్క దినములో మనుష్యుని బరువుకు ఇంచుమించు సరితూగునంతటి లావాదేవీ నడుపును. ఈ నాణెము కణములో సాధారణముగా మెగ్నీషియము అను లోహముతో జతగూడియే యుండుట గమనింపదగినది. లోహపు జత లేనిచో కణములోని యంత్రములు ఈ నాణెమును అంగీకరింపవు.

దేహములోని లోహముల లెక్క

1930 లో సుబ్బారావుగారు హార్వర్డునుండి పిహెచ్.డి. పట్టము పొందిరి. అటుపిమ్మట వారి దృష్టి కండనుండి రక్తమువైపు మరలెను. వారిని విడువని పాతబాధ అదియే.

రక్తమునకు ఎరుపు నిచ్చునది ఇనుము. పెద్దమనిషి దేహమున నుండు ఇనుము మొత్తము 3, 4 గ్రాములు మాత్రమే. ఒక చిన్న మేకుకు సరిపోవునంత. అందులో మూడింట రెండువంతులు రక్తములోనే యుండును. మిక్కిలి తక్కువైనచో పాండురోగము. మిక్కిలి హెచ్చైనచో కాలేయమునకును గుండెకును విషము. అయినను అధికమైన ఇనుమును బయటికి పంపివేయు మార్గము దేహమునకు లేదు. కావున లోనికి వచ్చు ద్వారముననే కాపలా పెట్టబడినది. ప్రేగులు అవసరమైనంతనే గ్రహించును. మిగులును ఫెర్రిటిన్ అను మాంసకృత్తు తన కడుపులో దాచును. ఈ గాదెను 1937 లో కనుగొనిరి. ద్వారమును ఎప్పుడు తెరువవలెనో, ఎప్పుడు మూయవలెనో కాలేయము ఒక సందేశపదార్థముద్వారా ఆజ్ఞాపించునని 2000 ప్రాంతమున తెలిసెను. తుత్తునాగము, రాగి మొదలగు వానిని పట్టి యుంచు మెటల్లోథయోనిన్ అను మరియొక పదార్థము 1957 లో బయటపడెను. జమ, ఖర్చు, నిలువ, ఈ మూడును తప్పకుండ వ్రాసుకొనుటలో మానవకణమును మించిన లెక్కరి లేడు.

అయితే ఇనుము చాలినంత యున్నను రక్తము క్షీణించు రోగములు కొన్ని కలవు. బోస్టను వైద్యులగు మైనాటు, మర్ఫీగార్లు అట్టి యొక ప్రాణాంతక రోగమునకు జంతువుల కాలేయమును దినమునకు అరపౌను చొప్పున తినిపించినచో రోగి కోలుకొనునని 1926 లో చూపిరి. అందులకు వారికి 1934 లో నోబెలు బహుమానము లభించెను. మర్ఫీగారు పనిచేసినది, సుబ్బారావుగారు రాత్రివేళ పాత్రలు కడిగిన ఆ బ్రిగ్‌హామ్ వైద్యశాలలోనే. కాలేయములో ఏ పదార్థము రోగిని బ్రతికించుచున్నది? దీనికి సమాధానము కనుగొనుటకై సుబ్బారావుగారు సంవత్సరముల తరబడి కాలేయసారమును వడపోసిరి.

హార్వర్డును వీడుట

హార్వర్డులో పదునేడేండ్ల పరిమాణము గల సేవచేసినను వారికి స్థిరమగు ఆచార్యపదవి లభింపలేదు. ఆ కాలమున భారతీయులు అమెరికా పౌరులగుటకు శాసనము అంగీకరింపకుండెను. ఆ నిషేధము 1946 లో గాని తొలగలేదు. వారు మితభాషులు. తన పనికి తానే ప్రచారము చేసికొను స్వభావము వారికి లేదు. కీర్తి పంచుకొనునప్పుడు వెనుక నిలుచుట వారి అలవాటు. 1940 లో వారు విశ్వవిద్యాలయమును వీడి, న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్ అను చిన్న పట్టణములోని లెడర్లీ ఔషధశాలలో చేరి, కొద్దికాలముననే అచ్చటి పరిశోధనలన్నిటికిని అధిపతి యైరి. విద్యాపీఠము ఇయ్యని స్వేచ్ఛను ఒక వ్యాపారసంస్థ ఇచ్చెను.

ఆకులోని మందు

అప్పటికి కొన్నియేండ్ల క్రిందట లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి నగరమున, బట్టలమిల్లులలో పనిచేయు బీదస్త్రీలు గర్భవతులైనప్పుడు రక్తము క్షీణించి మరణించుటను పరిశీలించెను. ఈస్టు సారము తినిపించినచో వారు కోలుకొనుచున్నారని 1931 లో ప్రకటించెను. 1941 లో అమెరికాలోని టెక్సాసు శాస్త్రజ్ఞులు టన్నులకొలది పాలకూరనుండి ఒక పదార్థమును తీసి, లాటిన్ భాషలో ఆకును సూచించు పదముతో దానికి ఫోలికామ్లమని పేరిడిరి. అయితే టన్నుల ఆకునుండి వచ్చినది అణుమాత్రము. రోగులకు ఇచ్చుటకు అది చాలదు. దాని నిర్మాణమును తెలిసికొని, ఆకుతో పనిలేకుండ రసాయనశాలలోనే తయారుచేయవలెను.

సుబ్బారావుగారు పెక్కుమంది రసాయనవేత్తలను ఒకచోట చేర్చి ఆ పని కెత్తుకొనిరి. 1945 లో వారి బృందము కృత్రిమ ఫోలికామ్లమును తయారుచేయ గలిగెను. టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని రోగులకు ఇచ్చి పరీక్షించెను. స్ప్రూ వ్యాధితో మంచము పట్టినవారు కొన్ని దినములలోనే ఆకలి కలిగి లేచి కూర్చుండిరి. నాలుకపూత మానెను. పాలిపోయిన ముఖములకు రక్తము వచ్చెను.

ఇరువది సంవత్సరములకు పైగా గడచినతరువాత ఆ మందు వచ్చెను. పురుషోత్తముగారికిని కృష్ణమూర్తిగారికిని అది అందలేదు. కాని వారి మరణశయ్యకడ చేతులు ముడుచుకొని నిలువవలసి వచ్చిన సోదరుని శ్రమచేతనే అది లోకమునకు అందెను. ఋణము తీర్చుకొనుటకు ఇంతకంటె ఉత్తమమగు మార్గము లేదు.

మరి మూడు ఔషధములు

ఫోలికామ్లము కణములు వృద్ధిపొందుటకు ఆవశ్యకము. రక్తమున తెల్లకణములు మితిమీరి పెరుగు కాన్సరు వ్యాధిలో ఆ వృద్ధిని నిలుపుట ఎట్లు? ఫోలికామ్లమును పోలియుండి దాని స్థానము నాక్రమించి పనిచేయక యుండు నకిలీపదార్థమును ఇచ్చినచో రోగకణములు మోసపోవును. సుబ్బారావుగారి బృందము అట్టి పదార్థములను తయారుచేసి బోస్టనులోని బాలవైద్యులగు సిడ్నీ ఫార్బరుగారికి పంపిరి. అందులో అమినాప్టెరిన్ అనుదానిని 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గెనని 1948 జూనులో ప్రకటితమాయెను. అంతవరకు ఆ వ్యాధి సోకిన బిడ్డలకు ఏ ఆశయు లేదు. దాని తరువాత వచ్చిన మెథోట్రెక్సేటు అను మందు నేటికిని కాన్సరు రోగులకును కీళ్లవాత రోగులకును ఇయ్యబడుచున్నది.

గోదావరి తీరమున పుట్టినవారికి బోదకాలు చిరపరిచితము. ఆ రోగమునకు కారణమగు పురుగులను చంపు హెట్రజాన్ అను ఔషధము 1947 లో వారి ప్రయోగశాలనుండి వెలువడెను. భారతప్రభుత్వము 1955 లో ఆరంభించిన బోదకాలు నివారణ కార్యక్రమమున ఈ మందు ఒక ముఖ్యసాధనమాయెను.

మూడవది ఆరియోమైసిన్. ఉద్యోగవిరమణ చేసిన వృద్ధ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డుగ్గరుగారిని సుబ్బారావుగారు పిలిపించి, నేలలోని బూజులను వెదకు పని అప్పగించిరి. అనేక ప్రాంతముల మట్టిని పరీక్షింపగా మిస్సోరీ రాష్ట్రపు పొలముమట్టిలో బంగారువన్నె గల సూక్ష్మజీవి యొకటి దొరకెను. దానినుండి వచ్చిన మందు 1948 లో లోకమునకు తెలిసెను. టెట్రాసైక్లిన్ అను మందుల వంశమునకు అదియే మూలపురుషుడు. 1994 లో సూరతు నగరమున ప్లేగు భయము వ్యాపించినపుడు జనులకు పంచబడినవి ఈ వంశపు మాత్రలే. ఈ మందులకు లోహములను పట్టుకొను గుణము కలదు. కావుననే పాలతోగాని, ఇనుపమాత్రలతోగాని కలిపి వీనిని మ్రింగరాదని వైద్యులు చెప్పుదురు. పాలలోని సున్నపుధాతువును, మాత్రలోని ఇనుమును అది పట్టుకొని లోనికి ప్రవేశింపనీయదు.

ఇంటికి రాని ప్రయాణము

ఇంత చేసిన సుబ్బారావుగారి జీవితమున ఒక వెలితి కలదు. దానిని చెప్పకుండ విడుచుట సత్యమునకు ద్రోహము చేయుట. మూడేండ్లలో తిరిగి వత్తునని చెప్పి పోయిన వారు ఎన్నడును స్వదేశమునకు తిరిగి రాలేదు. వారు వెడలిన పిమ్మట శేషగిరిగారు మగశిశువును కనిరి. ఆ శిశువు పసితనముననే మరణించెను. తండ్రి బిడ్డముఖము చూడలేదు. బిడ్డ తండ్రిముఖము చూడలేదు. ఒక పరిశోధన ముగియగానే మరియొకటి, అది ముగియగానే వేరొకటి. ఇట్లు రాక వాయిదాపడుచు సుమారు పాతికేండ్లు గడచెను. శేషగిరిగారు భర్త రాకకై ఎదురుచూచుచునే కాలము గడపిరి.

రామాయణమున లక్ష్మణుని త్యాగమును అందరును కొనియాడుదురు. అయోధ్యలో పదునాలుగేండ్లు ఒంటరిగా నిలిచిన ఊర్మిళను తలచువారు తక్కువ. ఊర్మిళ యెదురుచూపునకు అవధి కలదు. శేషగిరిగారి యెదురుచూపునకు అదియు లేకపోయెను. లోకమునకు మేలుచేసిన పురుషుని కీర్తిలో ఆయన యింట మౌనముగా దుఃఖించిన స్త్రీకి భాగము ఇయ్యనిచో ఆ లెక్క సరిపడదు. సుబ్బారావుగారిని నిందించుట సులభము. వారిని దోషరహితులని కీర్తించుటయు సులభము. ఆ రెండును విడిచి, అన్నదమ్ముల చావు చూచిన కన్నులకు ఇతరుల బిడ్డల ప్రాణములే ముందుగా కనబడెననియు, ఆ ఫలమునకు మూల్యము చెల్లించినవారిలో ఆ యిల్లాలు మొదటిదనియు గ్రహించుట న్యాయము.

నిర్యాణము

1948 వ సంవత్సరము ఆగస్టు మాసమున ఒకరాత్రి నిద్రలోనే గుండె యాగి సుబ్బారావుగారు పెర్ల్ రివరులో దివంగతులైరి. వయస్సు 53 సంవత్సరములు. భారతదేశము స్వతంత్రమై అప్పటికి ఏడాది నిండుచుండెను.

ఆ సంవత్సరముననే, వారి మరణమునకు కొద్దినెలలముందు, కాలేయములో దాగియున్న ప్రాణద్రవ్యమును అమెరికాలోను ఇంగ్లండులోను రెండు ఔషధశాలలవారు విడివిడిగా ఎర్రని స్ఫటికములుగా వెలికితీసిరి. హార్వర్డునాటినుండి సుబ్బారావుగారు వెదకినది అదియే. దానికి బీ-12 విటమిను అని పేరు. దాని మధ్యభాగమున ఒకే ఒక కోబాల్టు పరమాణువు కూర్చున్నది. మనుష్యునకు దినమున కావలసినది గ్రాములో పదిలక్షలవ భాగములు కొన్ని మాత్రమే. ఆ పిసరు లోహము లేనిచో రక్తము పుట్టదు, నరములు చెడును. ఫోలికామ్లమును కణములు మరల మరల ఉపయోగించుకొనుటకు ఈ కోబాల్టుద్రవ్యము తోడ్పడవలెను. ఒకటి ఆకునుండి వచ్చునది, మరియొకటి లోహమును గర్భమున ధరించినది. రెండును కూడిననే రక్తము వర్ధిల్లును. సుబ్బారావుగారు మొదటిదానిని తయారుచేసిరి. రెండవది పరులకు దక్కెను. అందులకు వారు చింతించి యుండరని వారి స్వభావమునుబట్టి చెప్పవచ్చును.

నోబెలు బహుమానము వారికి రాలేదు. ఒక బూజుజాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసెస్ అని వారి పేరు పెట్టిరి. 1995 లో శతజయంతి సందర్భమున భారతప్రభుత్వము వారి చిత్రముతో తపాలాబిళ్ళ వెలువరించెను.

ఫలశ్రుతి

కర్నూలు, కడప మండలములు కరవునకు పేరుపడినవి. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాతుకరవు గాథలను ముసలివారు తమ పెద్దల నోట విన్నారు. వాన తప్పినయేట పచ్చనియాకు తినుట తగ్గును. పచ్చనియాకు తగ్గినయింట గర్భిణుల ముఖములు పాలిపోవును. సర్కారు 1970 లో ఆరంభించిన రక్తహీనతా నివారణ కార్యక్రమము మొదలుకొని నేటివరకు గర్భిణులకు ఉచితముగా ఇయ్యబడు ఎర్రమాత్రలో ఇనుముతో కూడ ఫోలికామ్లము కలదు. గర్భధారణకు ముందునుండియే ఫోలికామ్లము తీసికొనినచో శిశువు వెన్నుపామునకు కలుగు వైకల్యములు చాలవరకు తప్పునని 1991 లో ఇంగ్లండువారి పరిశోధనచే రుజువయ్యెను. ఆ మాత్రను చేదని, వికారమని చెత్తలో పారవేయు కోడలును, పారవేయ నిచ్చు అత్తయు, దాని వెనుకనున్న ఈ కథను ఒక్కమారు వినవలెను. మునగాకు, తోటకూర, గోంగూర, అలసందలు, శనగలు, పెసలు ఈ సీమలో దొరకని వస్తువులు కావు. వీనిలో ఫోలికామ్లము సహజముగా కలదు. అయితే అతిగా ఉడికించి నీరు పారబోసినచో ఆ సారము నీటితోనే పోవును.

సుబ్బారావుగారు రెండుమారులు పరీక్ష తప్పిన బాలుడు. పేదయింటి బిడ్డ. వారిని నిలబెట్టినవి తల్లి నగలును, దొరికిన ప్రతి గ్రంథమును చదువు పట్టుదలయును. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగు పెద్దలు గ్రంథాలయోద్యమమునకు తమ జీవితమును ధారపోసినది, నగలు లేని తల్లుల బిడ్డలకు సైతము గ్రంథము అందవలెననియే. ఇరువదియైదు వత్సరములుగా దీపము వెలుగుచున్న ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి చదువుకొను బాలబాలికలలో, పరీక్ష తప్పి తలవంచుకొన్నవాడు ఒకడు, ఇంటిలో రోగిని చూచి మందేదని మథనపడుచున్నది ఒకతె ఉండకపోరు. అట్టివారికి ఈ చరిత్రము అంకితము. వారు దూరదేశములకు పోయినను పోవచ్చును. పోయినవారు ఇంటికి తిరిగి వత్తురుగాక.